అంకె ఒకరిది, బరువు ఒకరిది

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న ఒక సాయంత్రం నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంటే, అది పక్కనే పుస్తకం పెట్టుకుని ముందుకీ వెనక్కీ వూగుతూ వల్లె వేస్తోంది. "పరమాణువులోని ప్రోటాన్ల సంఖ్యను పరమాణు సంఖ్య అంటారు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే వచ్చే సంఖ్యను ద్రవ్యరాశి సంఖ్య అంటారు." పదిసార్లు చదివింది. పదకొండోసారి ఆగిపోయి, "అమ్మమ్మా, ఒక్క మూలకానికి రెండంకెలు ఎందుకు? ఒకటి చాలదూ?" అంది.

"పుస్తకంలో వుందిగా, చదువుకో" అనేశాను. అనడమైతే అన్నాను గానీ నాకే సిగ్గనిపించింది. నేనూ ఒకప్పుడు ఈ వాక్యాలే వల్లె వేసి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, మర్నాటికల్లా మరిచిపోయినదాన్నే. సోడియం గుర్తుకి పక్కన పైన 23 అనీ, కింద 11 అనీ వేస్తారని తెలుసు. ఎందుకు వేస్తారో, ఆ రెండంకెలూ ఎవరు కనిపెట్టారో ఏనాడూ అడగలేదు. ఆ రాత్రి నుంచీ నాలుగైదు పుస్తకాలు ముందేసుకున్నాను. చదువుతూ పోతే అది రసాయనశాస్త్రం పాఠంలా అనిపించలేదు. తల్లులు, కొడుకులు, యుద్ధాలు, విందు భోజనాలు, అన్నీ వున్న పెద్ద సంసారంలా వుంది. మా పిల్లకి చెప్పిందే మీకూ చెబుతాను.

మొదట్లో ఒక్క అంకే వుండేది. అది బరువు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో జాన్ డాల్టన్ అనే బడిపంతులు, పదార్థాలన్నీ పరమాణువులతో తయారయ్యాయనీ, ఒక్కో మూలకం పరమాణువుకి ఒక్కో బరువు వుంటుందనీ అన్నాడు. కంటికి కనిపించని పరమాణువుని తక్కెట్లో వేసి తూచేదెలా? అందుకని అన్నిటిలోకీ తేలికైన హైడ్రోజన్‌ని 1 అనుకుని, మిగతావి దానికి ఎన్ని రెట్లు బరువో లెక్కలు కట్టారు. మనం తులం, వీశె అని కొలతలు పెట్టుకున్నట్టే.

లండన్‌లో విలియం ప్రౌట్ అనే వైద్యుడికి ఈ లెక్కలు చూస్తే ఒక ముచ్చటైన ఆలోచన వచ్చింది. చాలా మూలకాల బరువులు దాదాపు పూర్తి అంకెలే వస్తున్నాయి. అలాగైతే అన్నీ హైడ్రోజన్‌తోనే తయారై వుంటాయేమో! ఒకే పిండితో చేగోడీలూ జంతికలూ చేసినట్టన్నమాట. 1815లో ఆ మాట అచ్చువేయించాడు, అదీ తన పేరు పెట్టుకోకుండా. ఆలోచన బాగానే వుంది గానీ, క్లోరిన్ అడ్డం తిరిగింది. ఎన్నిసార్లు తూచినా, ఎవరు తూచినా దాని బరువు 35.5. సగం హైడ్రోజన్ ఎక్కడిది? పాపం ప్రౌట్ మాట అక్కడే మూలపడింది. ఈ 35.5 సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇక మెండిలీవ్ కథ. ఈ పేరు బడిలో అందరం విన్నదే. వాళ్లమ్మగారి పేరు మాత్రం ఏ పాఠంలోనూ చెప్పరు. ఆవిడ మరియా ద్మిత్రియేవ్నా. సైబీరియాలోని టొబోల్స్క్ వాళ్ల వూరు. ఇంటినిండా పిల్లలు, ఆఖరివాడు ద్మిత్రీ, 1834లో పుట్టాడు. భర్తకి చూపు పోయి వుద్యోగం పోతే, ఆవిడ పుట్టింటివారి గాజు కర్మాగారం నడిపి పిల్లల్ని పెంచింది. భర్త పోయాడు. 1848లో కర్మాగారం కాస్తా తగలబడిపోయింది. మరొకరైతే కొడుకుని ఏ చిన్న పనిలోనో పెట్టేవారు. ఆవిడ మాత్రం ఆ కుర్రవాణ్ని వెంటబెట్టుకుని, వందల కోసుల దూరం ప్రయాణం చేసి మాస్కో చేరింది. అక్కడ చేర్చుకోలేదు. పీటర్స్‌బర్గ్ తీసుకువెళ్లి, 1850లో అక్కడి ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో చేర్పించింది. అదే ఏడాది కన్నుమూసింది. తన పని అయిపోయిందనుకుంది కాబోలు. పెద్దవాడయ్యాక ఆయన తన గ్రంథం ఒకటి ఆవిడకే అంకితమిచ్చుకున్నాడు.

ఆ కొడుకే 1869లో, అప్పటికి తెలిసిన 63 మూలకాలనీ బరువు ప్రకారం వరసలో పెట్టి, ఒకలాంటి గుణాలున్న వాటిని ఒకచోట చేర్చి పట్టిక వేశాడు. కొన్ని గళ్లు ఖాళీగా వదిలేసి, ఇక్కడ వుండాల్సినవి ఇంకా దొరకలేదు, ముందుముందు దొరుకుతాయన్నాడు. వాటికి పెట్టిన పేర్లు చూస్తే మనకి సంతోషం కలుగుతుంది. ఏక అల్యూమినియం, ఏక బోరాన్, ఏక సిలికాన్! మనం ఏకం, ద్వే, త్రీణి అని చెప్పుకునే సంస్కృతంలోని ఏక శబ్దమే అది. గాలియం 1875లో, స్కాండియం 1879లో, జెర్మేనియం 1886లో దొరికి, ఆయన చెప్పిన గళ్లలోనే వచ్చి కూర్చున్నాయి. లోకం ముక్కున వేలేసుకుంది.

అంత గొప్ప పట్టికలోనూ ఒక ముడి మిగిలిపోయింది. బరువు ప్రకారం పేరిస్తే అయోడిన్ ముందూ, టెల్లూరియం వెనకా రావాలి. అయోడిన్ 126.9, టెల్లూరియం 127.6. కానీ గుణాలు చూస్తే అయోడిన్ అచ్చంగా క్లోరిన్ ఇంటి పిల్ల. బరువు మాట విని ముందుకి జరిపితే, పరాయివాళ్ల పంక్తిలో కూర్చోబెట్టినట్టే. మెండిలీవ్ గుణాలకే వోటు వేసి, టెల్లూరియాన్ని ముందు పెట్టాడు. బరువు తూచినవాళ్లే ఎక్కడో పొరబడి వుంటారని సరిపెట్టుకున్నాడు. ఎంతమంది ఎన్నిసార్లు తూచినా టెల్లూరియం తగ్గలేదు. పైగా 1894లో ఆర్గాన్ వాయువు దొరికింది. దాని బరువు 39.9, దాని వెనక వుండవలసిన పొటాషియానిది 39.1. కోబాల్టు, నికెల్ జంట తగువూ ఇలాంటిదే. ఒక్క జంట తప్పితే తూకం తప్పు అనుకోవచ్చు. మూడు జంటలు తప్పితే? తప్పు తూకంలో లేదు, తూకం చూసి వరస పెట్టడంలో వుందన్నమాట.

ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలు, "అయితే వరస దేన్నిబట్టి పెట్టాలి?" అంది.

"మీ పెదనాన్న పెద్దవాడా, మీ నాన్న పెద్దవాడా?" అన్నాను.

"పెదనాన్నే."

"లావెవరు?"

"నాన్న!" అని నవ్వింది.

"మరి లావుగా వున్నాడని మీ నాన్న అన్నగారైపోయాడా?"

అంతే తల్లీ సంగతి. పుట్టుక వరస వేరు, వొంటి బరువు వేరు. మామూలుగా పెద్దవాడు బరువుగానే వుంటాడు కనుక బరువు చూసి వరస పెడితే చాలావరకు సరిపోతుంది. ఎక్కడో ఒకచోట తమ్ముడు బొద్దుగా వుంటే మాత్రం లెక్క తప్పుతుంది. మూలకాలకీ అలాంటి పుట్టుక వరస ఒకటి వుండాలి. వుందని చూపించినవాడు హెన్రీ మోస్లీ అనే పాతికేళ్ల కుర్రవాడు.

మోస్లీ 1887 నవంబరులో ఇంగ్లండులోని వేమత్‌లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డులో జంతుశాస్త్రం ఆచార్యుడు. పిల్లవాడికి నాలుగేళ్లు నిండేలోపే ఆయన పోయాడు. పెంచింది తల్లి ఆమబెల్. ఈవిడా సామాన్యురాలు కాదు. చదరంగంలో దిట్ట. 1913లో బ్రిటన్ మహిళా చదరంగం విజేత ఆవిడే. సరిగ్గా ఆ ఏడాదే కొడుకూ తన ఎత్తు వేశాడు.

అప్పటికి రెండేళ్ల ముందే, 1911లో, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ ఒక చిన్న కేంద్రకం వుంటుందనీ, దానికి ధన విద్యుత్తు వుంటుందనీ కనిపెట్టాడు. ఆ విద్యుత్తు ఎంత? హాలెండులో వాన్ డెన్ బ్రూక్ అనే ఒకాయన, వృత్తికి వకీలు, సరదాకి సైన్సు చదువుకునేవాడు, ఒక మాట అన్నాడు. పట్టికలో మూలకం ఎన్నో స్థానంలో వుందో, దాని కేంద్రకంలో విద్యుత్తు అన్ని పాళ్లు వుంటుందేమోనని. వకీలుగారి మాటకి సాక్ష్యం కావాలి గదా! ఆ సాక్ష్యం తేవడానికి రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న మోస్లీ పూనుకున్నాడు.

ఆయన చేసిన పని చెప్పుకుంటే సులువే. గాలి తీసేసిన గాజుగొట్టంలో చిన్న తోపుడుబండి లాంటిది పెట్టాడు. దాని మీద వరసగా లోహాల ముక్కలు. పట్టుదారంతో ఆ బండిని అటూ ఇటూ లాగుతూ, ఒక్కో ముక్క మీదా ఎలక్ట్రాన్లని గుద్దించేవాడు. గుద్దినప్పుడల్లా ఆ లోహం తనదైన ఎక్స్‌రేలని వదులుతుంది. వాటిని ఒక స్ఫటికం మీదుగా పంపితే ఫోటోప్లేటు మీద గీతలు పడతాయి. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో కొలవడమే పని. పగలూ రాత్రీ పనిచేసేవాడు. మాంచెస్టర్‌లో తెల్లవారుజామున మూడు గంటలకి అన్నం ఎక్కడ దొరుకుతుందో మోస్లీకి తెలిసినట్టు ఎవరికీ తెలియదని స్నేహితులు నవ్వుతూ చెప్పుకునేవారు.

కాల్షియం నుంచి జింకు దాకా గీతలు ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే మెట్లు కట్టినట్టున్నాయి. ఎక్స్‌రే కంపనాల లెక్కకి వర్గమూలం కడితే, ఒక మూలకం నుంచి పక్క మూలకానికి ఎప్పుడూ ఒకే ఎత్తు మెట్టు. బరువుల్లో ఎగుడుదిగుళ్లున్నాయి, ఇక్కడ లేవు. జింకుకి బదులు ఇత్తడి ముక్క పెడితే రాగి గీతలూ జింకు గీతలూ రెండూ పడ్డాయి. మన ఇత్తడి బిందె కూడా అబద్ధమాడదు చూశారా! కోబాల్టుది 27వ మెట్టు, నికెల్‌ది 28వ మెట్టు. బరువు ఏమైనా కానివ్వండి, కోబాల్టే అన్న. క్లోరిన్ 17, పొటాషియం 19. నడుమ 18 ఆర్గాన్‌ది. టెల్లూరియం 52, అయోడిన్ 53. మెండిలీవ్ గుణాలు చూసి పెట్టిన వరస సరైనదే. ఆయన 1907లోనే పోయాడు, పాపం చూసుకోలేదు.

ఈ మెట్టు అంకే పరమాణు సంఖ్య. కేంద్రకంలో వున్న ధన విద్యుత్తు పాళ్లు. తరవాతి రోజుల్లో ఆ పాళ్లకే ప్రోటాన్లని పేరు పెట్టారు. ఒక ప్రోటాన్ వుంటే హైడ్రోజన్, 11 వుంటే సోడియం, 79 వుంటే బంగారం. ఒకటి తగ్గితే బంగారం కాదు, ప్లాటినం. ఒకటి పెరిగితే పాదరసం. మూలకం ఎవరో చెప్పేది ఆ అంకే.

మెట్లున్నాక, ఏ మెట్టు విరిగిందో కూడా తెలిసిపోతుంది. 1914లో మోస్లీ అల్యూమినియం నుంచి బంగారం దాకా లెక్కకట్టి, 43, 61, 75 స్థానాలు ఖాళీగా వున్నాయన్నాడు. 75 జర్మనీలో 1925లో దొరికింది. దాన్ని పట్టుకున్న ముగ్గురిలో ఇడా టాకె అనే స్త్రీ వుంది. దాని పేరు రీనియం. 43 టెక్నీషియం, 1937లో. 61 అమెరికాలో 1945లో దొరికింది. దానికి ప్రొమీథియం అని పేరు సూచించింది, కనుక్కున్నవారిలో ఒకాయన భార్య గ్రేస్ మేరీ కోర్యెల్. పరమాణుశక్తిని దేవతల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన నిప్పుతో పోల్చి, ఆ నిప్పు తెచ్చి శిక్ష అనుభవించిన గ్రీకు వీరుడి పేరు పెట్టిందావిడ. అది ఆటంబాంబు తయారైన ఏడాది. తెలిసే పెట్టింది పేరు.

మోస్లీ దగ్గరికి పారిస్ నుంచి ఉర్బేన్ అనే ఆచార్యుడు 1914లో ఆక్స్‌ఫర్డు వచ్చాడు. అరుదైన మూలకాలని విడదీయడంలోనే ఆయనకి ఏళ్లకేళ్లు గడిచిపోయాయి. ఆ పొట్లాలు మోస్లీ చేతికిచ్చాడు. కొద్దిరోజుల్లో అందులో ఏమేం వున్నాయో, ఎంతెంత వున్నాయో మోస్లీ చెప్పేశాడు. ఆచార్యుడు ఆశ్చర్యపోయాడు.

ఆ వేసవిలోనే మోస్లీ తల్లితో కలిసి ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తల సభకి బయల్దేరాడు. వాళ్లు చేరేసరికి యుద్ధం మొదలైంది. ఇంటికి తిరిగివచ్చి సైన్యంలో చేరాడు. ప్రయోగశాలలోనే వుండమని పెద్దలు చెప్పినా వినలేదు. టర్కీలోని గాలిపోలికి పంపారు. తన ఆస్తి సైన్సు పరిశోధనలకి వాడమని రాయల్ సొసైటీ పేర వీలునామా రాశాడు. 1915 ఆగస్టు 10న టెలిఫోనులో సేనలకి ఆజ్ఞ అందిస్తూ వుండగా తలకి తూటా తగిలింది. ఇరవై ఏడేళ్లు. వాళ్లమ్మ చదరంగంలో ఎన్ని బంట్లని బలిపెట్టి ఆట గెలిచి వుంటుందో! ఈ ఆటలో బలిపెట్టింది ఆవిడ కొడుకుని. ఎవరు ఏం గెలిచారో నాకు తెలియదు.

పరమాణు సంఖ్య కథ ఇది. రెండో అంకె, అంటే బరువు కథ, ఇంకా ముడిపడే వుంది. వరసకి పనికిరాదని తేలిన బరువు, అసలు దేన్ని చెబుతున్నట్టు?

రేడియం, యురేనియం లాంటి పదార్థాలని పరీక్షిస్తున్నవాళ్లకి రోజుకో కొత్త పదార్థం దొరుకుతోంది. ముప్ఫైకి పైగా పోగయ్యాయి. పట్టికలో సీసం నుంచి యురేనియం దాకా వున్న గళ్లు మాత్రం ఓ డజను. పది పీటలు వేసి ముప్ఫైమందిని భోజనానికి పిలిచినట్టైంది. చిత్రమేమంటే అందులో కొన్ని ఒకదాన్నుంచి మరొకటి విడదీయడానికే లొంగవు. ఏ ఆమ్లం పోసినా, ఎంత మరిగించినా కలిసే వుంటాయి. గ్లాస్గోలో ఫ్రెడరిక్ సాడీ అనే శాస్త్రవేత్త దీనికి ఒక దారి చెప్పాడు. అవి వేరువేరు మూలకాలు కావు, ఒకే మూలకం, బరువులు మాత్రం వేరు. ఒకే ఇంటి నంబరు, లోపల నాలుగు వాటాలు అన్నమాట. పోస్టుమాన్‌కి అన్నీ ఒకే ఇల్లు. ఒక వాటాలో సామాను ఎక్కువ, ఒక వాటాలో తక్కువ.

వాటికి ఏం పేరు పెట్టాలి? 1913లో సాడీ అత్తవారింట విందు జరిగింది. ఆ ఇంటివారి బంధువు మార్గరెట్ టాడ్ అక్కడికి వచ్చింది. ఆవిడ డాక్టరు, నవలలు కూడా రాసింది, అదీ మగపేరుతో. సాడీ చెప్పిందంతా విని, గ్రీకులో "అదే చోటు" అని అర్థం వచ్చేలా ఐసోటోప్ అనమంది. ఈ రోజు ప్రపంచంలో ప్రతి బడిలోనూ పిల్లలు వల్లె వేసే మాట, భోజనాల బల్ల దగ్గర ఒకావిడ నోటి నుంచి వచ్చిన మాట.

పేరైతే వచ్చింది. రుజువేదీ? ఒకే మూలకానికి నిజంగా రెండు బరువులుంటాయని తూచి చూపించాలి. ఆ పని చేసినవారిలో ఒకామె పేరు స్టెఫానీ హొరోవిట్జ్. ఆమె కూడా 1887లోనే, వార్సాలో పుట్టింది. మోస్లీకి కొన్ని నెలలు పెద్దది. వియన్నాలో చదివి 1914లో డాక్టరేటు పట్టా తీసుకుని, అక్కడి రేడియం సంస్థలో ఓటో హోనిగ్‌ష్మిడ్ అనే ఆచార్యుడి దగ్గర పనిచేసింది. యొయాఖిమ్‌స్తాల్ గనిలో దొరికే యురేనియం ఖనిజం, క్యూరీ దంపతులు రేడియం తీసిన ఖనిజమే, అందులో కొంచెం సీసం కూడా వుంటుంది. యురేనియం మెల్లగా చితికి చితికి చివరికి సీసంగా మారుతుందని అనుకుంటున్నారప్పుడు. అదే నిజమైతే ఆ సీసానికి బరువు కొంచెం తేడాగా వుండాలి.

ఆ కొంచెం ఎంతో తెలుసా? మామూలు సీసం 207.2. ఇది 206.7 దగ్గర వుండొచ్చు. వెయ్యిలో రెండు పాళ్ల తేడా కోసం, ఆ సీసాన్ని మళ్లీ మళ్లీ కరిగించి, స్ఫటికాలు కట్టించి, శుద్ధి చేసి, తూచాలి. ఒక్క దుమ్ము కణం పడినా శ్రమంతా వృథా. మన వంటింట్లో నెయ్యి కాచేటప్పుడు ఒక్క క్షణం పక్కకి చూస్తేనే మాడిపోతుందే! ఆ పనిలో ఆవిడ నెలల తరబడి కూర్చుంది. 1914లో అంకె తేలింది. 206.736. అమెరికాలోనూ అదే ఏడాది ఇలాంటి ఫలితమే వచ్చింది. సీసం గుణాలన్నీ వున్న సీసమే, బరువు మాత్రం వేరు. సాడీ చెప్పింది నిజమైంది. ఆయనకి 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది.

ఇప్పుడు మన 35.5 దగ్గరికి వద్దాం. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే ఆయన పరమాణువులని బరువుల వారీగా విడదీసి ఫోటోప్లేటు మీద గీతలుగా చూపించే యంత్రం కట్టాడు. క్లోరిన్‌ని అందులోకి పంపితే రెండు గీతలు వచ్చాయి. ఒకటి 35, రెండోది 37. 35.5 దగ్గర గీతే లేదు! అసలు ఆ బరువుగల క్లోరిన్ పరమాణువు లోకంలో ఒక్కటీ లేదు. లెక్క మా మనవరాలి చేత చేయించాను. నాలుగు క్లోరిన్లు తీసుకుంటే దాదాపు మూడు 35వి, ఒకటి 37ది. మూడు ముప్ఫై ఐదులు 105, దానికి 37 కలిపితే 142, నాలుగుతో భాగిస్తే 35.5. నూరేళ్లపాటు అందరూ సగటునే తూచి, సగం ఎక్కడిదని తలపట్టుకున్నారు. ప్రౌట్ మాట పూర్తిగా నిజం కాకపోయినా, పూర్తిగా అబద్ధమూ కాదు.

1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టడంతో ఆఖరి ముడీ వూడిపోయింది. న్యూట్రాన్‌కి విద్యుత్తు లేదు, బరువు మాత్రం ప్రోటాన్‌కి దాదాపు సమానంగా వుంటుంది. కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్నో, న్యూట్రాన్లు ఎన్నో కలిపి లెక్కపెడితే వచ్చేదే ద్రవ్యరాశి సంఖ్య. లెక్కపెట్టినది కనుక ఎప్పుడూ పూర్తి అంకే. పుస్తకాల్లో 35.5 అని కనిపించేది పరమాణు భారం, అది ఐసోటోపులన్నిటి సగటు. ఈ రెంటినీ కలిపేసుకోవడం దగ్గరే పిల్లలు తప్పులు చేస్తారు. సోడియం పైన 23, కింద 11. తీసేస్తే 12 న్యూట్రాన్లు. టెల్లూరియం తమ్ముడికన్నా ఎందుకు బరువంటే, దాని వాటాల్లో 128, 130 లాంటి బరువువే ఎక్కువ. అయోడిన్‌కి ప్రకృతిలో వున్నది ఒకే వాటా, 127.

అయోడిన్ అంటే గుర్తొచ్చింది. ఈ రెండంకెలతో మనకేం పని అనుకునేవారికి అదే జవాబు. మన వంటింటి వుప్పులో కలిపేది అయోడిన్ 127. మెడ దగ్గర వుండే థైరాయిడ్ గ్రంథికి అది కావాలి, లేకపోతే గొంతు వాస్తుంది, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేసే కొందరికి ఆస్పత్రిలో ఇచ్చే మందు అయోడిన్ 131. రెంటికీ ప్రోటాన్లు 53. మొదటిదానికి న్యూట్రాన్లు 74, రెండోదానికి 78. గ్రంథికి ఈ తేడా తెలియదు. ఇంటి నంబరు చూసి లోపలికి రానిస్తుంది. లోపలికి వెళ్లాక ఆ నాలుగు న్యూట్రాన్ల అదనపు బరువు పని చేస్తుంది. 131 నిలకడగా వుండలేక కిరణాలు వదులుతూ, ఎనిమిది రోజులకి సగం చొప్పున తరుగుతూ, పెరిగిన గ్రంథిని అణుస్తుంది. ఆ మందు తీసుకున్న తల్లిని కొన్నాళ్లు చంటిపిల్లని ఎత్తుకోవద్దంటారు, అందుకే. గుణం చెప్పేది పరమాణు సంఖ్య, నిలకడ తెలియాలంటే ద్రవ్యరాశి సంఖ్య కూడా కావాలి. ఒక్క అంకె చాలకపోవడం ఇందుకే.

స్టెఫానీ కథ పూర్తిచేయలేదు కదూ! యుద్ధం అయ్యాక ఆమె రసాయనశాస్త్రం వదిలేసింది. ఆలిస్ ఫ్రీడ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలితో కలిసి, వియన్నాలో మనసు చెదిరిన పిల్లలకోసం ఒక నివాసం నడిపింది. 1937లో వార్సా తిరిగి వెళ్లింది. ఆమె యూదు కుటుంబంలో పుట్టింది. 1942లో నాజీలు ఆమెని ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపారు. అక్కడే చంపేశారు. మోస్లీ పేరు కొన్ని పాఠ్యపుస్తకాల్లోనైనా వుంటుంది. ఈమె పేరు ఎక్కడో ఒక మూల. ఇద్దరూ 1887లో పుట్టారు. ఒకరు కింది అంకెని నిలబెట్టారు, మరొకరు పై అంకెకి సాక్ష్యం తెచ్చారు. ఒకరిని మొదటి యుద్ధం మింగింది, ఇంకొకరిని రెండోది.

ఇదంతా చెప్పేసరికి చిక్కుడుకాయల కూర పొయ్యి మీదే అడుగంటింది. మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పుస్తకం తీసి, సోడియం గుర్తు పక్కన వున్న 11 దగ్గర పెన్సిలుతో చిన్నగా మోస్లీ అనీ, 23 దగ్గర స్టెఫానీ అనీ రాసుకుంది.

"పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారా అమ్మమ్మా?"

"వెయ్యరు. పరీక్షలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు అనే రాయి" అన్నాను. "పుస్తకంలో మాత్రం చెరపకు."